చెమ్మ ఎక్కడ కావాలి, ఎక్కడ కూడదు: సిరామిక్‌కి లోహం అతికించి సీలు చేసే పద్ధతి

నెల్లూరు నుంచి ఆత్మకూరు వైపు పోయినా, కావలి వైపు పోయినా దారిలో 33/11 కేవీ సబ్‌స్టేషన్లు తగులుతాయి. వాటిలో వాక్యూమ్ బ్రేకర్, అంటే గాలి లేని చోట కరెంటు తెంచే స్విచ్చు, ఉన్న ప్రతి చోటా లోపల సీసా లాంటిది ఒకటి ఉంటుంది. తెల్లటి సిరామిక్ గొట్టం, దాని రెండు చివర్లకీ లోహపు మూతలు. లోపల గాలి ఉండదు, ఇరవై ఏళ్లు గడిచినా చేరకూడదు. వాషరు లేదు, బోల్టు లేదు, జిగురు లేదు. సిరామిక్, లోహం ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటమే. ఆ పట్టు ఎట్టా తెస్తారో రాస్తున్నాను. నేను గూడూరు ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌లో డిప్లొమా చేశాను. ఇప్పుడు నెల్లూరులో ఒక చిన్న షెడ్డులో వాక్యూమ్ ఫీడ్‌త్రూలు, అంటే గాలి తీసేసిన డబ్బాలోకి కరెంటు తీసుకుపోయే పిన్నులు, తయారు చేయించే పని నాది.

పని వరస ఇది: సిరామిక్ మీద మాలిబ్డినం అనే లోహపు పొడిని పెయింటులా పూసి కాల్చడం, దాని మీద నికెల్ పూత వేసి మళ్లీ కాల్చడం, చివరికి కరిగిన వెండి-రాగితో లోహాన్ని అతికించడం. ఈ చివరిదాన్నే బ్రేజింగ్ అంటారు. పనంతా చెమ్మ చుట్టూనే తిరుగుతుంది. ఒకే హైడ్రోజన్ గ్యాసు మొదటి కాల్పులో తడిగా ఉండాలి, ఆ తర్వాత కాల్పుల్లో ఎముకలా ఎండి ఉండాలి. సముద్రం పక్కన ఉన్న మన జిల్లాలో ఈ రెండూ వాటంతటవి కుదరవు, కుదిర్చాలి.

సిరామిక్ ఏది కొనాలి

94 నుంచి 96 శాతం అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) ఉన్నది. ఎంత శుద్ధమైతే అంత మంచిదని 99.5 శాతానిది ఆర్డరు పెట్టేవాళ్లు ఉంటారు. ఈ పనికి అది ఉల్టా. 94 శాతం ముక్కలో మిగతా ఆరు శాతం సిలికా, మెగ్నీషియా, కాల్షియా కలిసి అల్యూమినా గింజల మధ్య గాజుగా ఉంటాయి. కాల్పులో ఆ గాజే మెత్తబడి, మనం పూసిన మాలిబ్డినం పొరలోకి ఎక్కి దాన్ని కరుచుకుంటుంది. గాజు లేని ముక్క మీద పెయింటు పూస్తే కరుచుకునేదానికి ఏమీ ఉండదు. అట్టాంటి ముక్కే వాడక తప్పకపోతే సిలికా లాంటివి పెయింటులోనే కలపాలి. చిల్లకూరు, కోట వైపు సిలికా ఇసుక లారీలకి లారీలు గాజు ఫ్యాక్టరీలకి పోతుంది గానీ, ఈ పెయింటుకి అది పనికిరాదు. కెమికల్ కంపెనీల నుంచి వచ్చే శుద్ధమైన, మైక్రాన్ల సైజు పొడే కావాలి. పాత రోజుల్లో రేడియోల్లో ఉండే గాజు వాల్వుల లోపల తీగల్ని సరైన దూరంలో పట్టి ఉంచింది మైకా బిళ్లలు. మన గూడూరు, రాపూరు, సైదాపురం పక్క మైకా గనులకి గిరాకీ తెచ్చిన పనుల్లో అదొకటి. వాక్యూమ్ పనితో ఈ నేలకి పాత చుట్టరికం ఉంది.

ముక్కలు రాగానే ప్రతి లాటులోంచి ఒకటి రెండు పగలగొట్టి, ఫుక్సిన్ ఎర్ర రంగు నీళ్లలో ఒత్తిడి పెట్టి నానబెట్టండి. కడిగి చూస్తే విరిగిన మొహం మీద రంగు పైపైన అంటి పోవాలి. గులాబీ రంగు లోపలికి ఇంకిందంటే ముక్కలో బొరియలున్నట్టే. ఆ లాటు వెనక్కి పంపండి.

లోహం ఏది, ఎందుకు

ఎక్కువ పనికి కోవార్. ఇనుము సుమారు 54 శాతం, నికెల్ 29, కోబాల్ట్ 17. అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్‌లో హొవార్డ్ స్కాట్ చేసిన మిశ్రమం ఇది, 1936లో పేటెంటు వచ్చింది. మొదట గాజు కోసం పుట్టింది, తర్వాత సిరామిక్‌కీ వాడారు. దీని గొప్పతనం వ్యాకోచంలో ఉంది. 435 డిగ్రీల దాకా డిగ్రీకి పది లక్షల్లో ఐదు వంతులే సాగుతుంది, అల్యూమినా ఏడు వంతులు. ఆ పైన కోవార్ గబగబా సాగి, 780 డిగ్రీలకి చేరేసరికి సగటున పది వంతులు అవుతుంది. కాబట్టి వేడి నుంచి దిగేటప్పుడు మొదట అల్యూమినా కంటే ఎక్కువ ముడుచుకుంటుంది, 435 దాటి కిందికి వచ్చాక తక్కువ ముడుచుకుంటుంది. చివరికి మిగిలే తేడా చిన్నది.

లెక్క వేసి చూపిస్తాను. 40 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం, 780 డిగ్రీల నుంచి గది వేడికి. అల్యూమినా (780 దాకా దాని సగటు ఎనిమిది వంతులు) దాదాపు 0.24 మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది. కోవార్ 0.30. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అయితే 0.56. కోవార్‌తో తేడా 0.06, స్టీలుతో 0.32. దళసరి స్టీలు రింగు నేరుగా అతికిస్తే సిరామిక్ పగలక ఏమవుతుంది? స్టీలే కావాలంటే మధ్యలో కోవార్ పల్చటి కాలరు పెట్టండి, లేదా సాగే రాగి అంచు. నయోబియం వ్యాకోచం అల్యూమినాకి చాలా దగ్గర, ఖరీదు మాత్రం ఎక్కువ.

ఇంకో లెక్క డ్రాయింగు వేసేవాళ్లు మరిచిపోతారు. బ్రేజింగ్‌కి సందు 0.03 నుంచి 0.1 మిల్లీమీటరు ఉండాలంటాం కదా, ఆ సందు 800 డిగ్రీల దగ్గర ఉండాలి. గది వేడిలో చక్కగా కూర్చున్న స్టీలు రింగు పొయ్యిలో 0.3 మిల్లీమీటర్లు వదులవుతుంది, కరిగిన వెండి నిలవదు. అదే రంధ్రం లోపల స్టీలు పిన్ను బిగుతుగా పెడితే అది ఉబ్బి సిరామిక్‌ని లోపలి నుంచి చీలుస్తుంది. అల్యూమినా నొక్కుడుకి ఓర్చుకున్నదానిలో పదో వంతు కూడా లాగుడుకి ఓర్చుకోదు. అందుకే వీలైన చోటల్లా లోహాన్ని బయట పెట్టి, సిరామిక్ నొక్కుడులో ఉండేట్టు చూసుకుంటాం.

కడగడం

అల్ట్రాసోనిక్‌లో, అంటే ధ్వని తరంగాలతో మురికి వదిలించే తొట్టిలో, సబ్బు నీళ్లు, ఆపైన డీఅయనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఆ తర్వాత గాలిలో 1000 డిగ్రీల కాల్పు. కాల్చాక చేత్తో ముట్టకూడదు. రోహిణి కార్తెలో చెమట పట్టని చెయ్యి మన ఊళ్లో ఉండదు, చెమటలో ఉప్పుంటుంది. పౌడరు లేని నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. స్టీలు పట్టకారుతో ముక్కని పట్టుకుంటే పెన్సిల్ గీతలాంటి బూడిద గీత పడుతుంది. అది రాలిన లోహం, ప్లాస్టిక్ కొన ఉన్న పట్టకారు వాడితే పడదు.

పెయింటు, తడి కాల్పు

మాలిబ్డినం పొడి 80 వంతులు, మాంగనీసు 20 వంతులు, బరువు లెక్కన. పొడి ఒకటి నుంచి మూడు మైక్రాన్లు. టెర్పినియోల్‌లో ఇథైల్ సెల్యులోజ్ కరిగించిన ద్రావణంలో కలిపి, అల్యూమినా గుళ్లతో జాడీలో ఒకటి రెండు రోజులు తిప్పాలి. మాలిబ్డినం నీటి కంటే పది రెట్లు బరువు. తిప్పుడు ఆపితే అడుక్కి దిగుతుంది, పైనున్న పలచటి భాగంతో పూసిన ముక్కలు కాల్చాక గోధుమరంగులో బోసిగా కనిపిస్తాయి. అందుకని వాడే రోజు కూడా జాడీ రోలర్ల మీదే ఉండాలి. చదును మొహాలకి స్క్రీన్ ప్రింటింగ్, గుండ్రటి అంచులకి కుంచె. కాలిన తర్వాత పొర పది నుంచి ఇరవై ఐదు మైక్రాన్లు మిగలాలి. మందంగా పూస్తే గట్టిగా పడుతుందని అనుకోవద్దు, మందమైన పొర మధ్యలో చీలుతుంది.

ఇక కాల్పు. 1400 నుంచి 1500 డిగ్రీలు, పై వేడిలో అరగంట నుంచి గంట. గ్యాసు మూడు వంతులు హైడ్రోజన్, ఒక వంతు నైట్రోజన్. అమ్మోనియాని వేడి చేసి విడగొడితే సరిగ్గా ఈ పాళ్లలోనే వస్తుంది. ఈ గ్యాసుని నీళ్ల గుండా బుడగలుగా పంపి తడి చేస్తాం.

మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు దీన్ని చూసి, "అక్కా, పొయ్యిలోకి నీళ్ల ఆవిరి పంపిస్తే తుప్పు పట్టదా?" అని అడిగాడు.

"మాంగనీసుకి పట్టాలనే అబ్బయ్యా పంపేది. మాలిబ్డినానికి పట్టకూడదు" అన్నాను.

కిటుకంతా ఇదే. హైడ్రోజన్ ఉన్న చోట ఆ కొంచెం ఆవిరి మాలిబ్డినాన్ని ఏమీ చేయలేదు. మాంగనీసు మాత్రం ఆక్సైడ్‌గా మారి, అల్యూమినాతో, సిలికాతో కలిసి గాజవుతుంది. ఆ గాజు సిరామిక్ గింజల సందుల్లోకీ, మాలిబ్డినం గింజల సందుల్లోకీ పాకి రెంటినీ ముడేస్తుంది. గ్యాసు మరీ ఎండిపోయి ఉంటే మాంగనీసు లోహంగానే మిగిలిపోతుంది. ముక్క చూసేదానికి వెండిలా మెరుస్తుంది, సెల్లోటేపు అంటించి లాగితే పొర టేపుతోపాటు వచ్చేస్తుంది.

ఎంత తడి కావాలి? డ్యూ పాయింట్, అంటే గ్యాసు ఎంతకి చల్లబడితే అందులోని ఆవిరి నీరవడం మొదలవుతుందో ఆ వేడి, 25 నుంచి 30 డిగ్రీలు. నీళ్ల గుండా గ్యాసు బాగా పోతే డ్యూ పాయింట్ దాదాపు ఆ నీళ్ల వేడి ఎంతో అంతే. నీళ్లు 20 డిగ్రీలుంటే గ్యాసులో 2.3 శాతం ఆవిరి, 30 దగ్గర 4.2, 40 దగ్గర 7.3. నెల్లూరు షెడ్డులో డిసెంబరు తెల్లవారుజాముకీ మే నెల మధ్యాహ్నానికీ నీళ్ల తొట్టి తేడా ఇంతే ఉంటుంది. అంటే తొట్టిని దాని ఖర్మకి వదిలేస్తే ఒకే పెయింటు, ఒకే పొయ్యి, ఒకే మనిషి ఉన్నా కాల్పు మాత్రం కార్తెని బట్టి మారుతుంది. అందుకని నీళ్ల సీసాని చల్లదనం, వేడి రెండూ సర్దగలిగే బాత్‌లో కూర్చోబెట్టాలి. సీసా నుంచి పొయ్యి దాకా పైపు ఎక్కడా ఏసీ గాలి తగిలేట్టు పోకూడదు. పైపు నీళ్ల కంటే చల్లగా ఉంటే లోపలే ఆవిరి నీరై కారిపోతుంది. పైపుకి సన్నటి హీటింగ్ టేపు చుట్టండి.

చల్లబరిచేటప్పుడు తడి ఆపి పొడి గ్యాసుకి మార్చాలి. వేడి దిగే కొద్దీ అదే ఆవిరి మాలిబ్డినాన్ని కూడా పట్టగలుగుతుంది.

బయటికి వచ్చిన పొర ఒకే తీరుగా బూడిద రంగులో, సన్నటి ఇసుక కాగితంలా ఉండాలి. సూదితో గీస్తే మెరిసే గీత పడాలి, పెచ్చు లేవకూడదు. మల్టీమీటరు రెండు కొసల్నీ పెడితే నిరోధం దాదాపు సున్నా. పొర మీద నిగనిగలాడే గాజు మచ్చలుంటే వేడి ఎక్కువైనట్టు. ఆ మచ్చల మీద నికెల్ పట్టదు.

హైడ్రోజన్‌తో జాగ్రత్త గురించి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఏ పాళ్లలో ఉన్నా మండుతుంది. పగటి వెలుగులో దాని మంట కంటికి కనపడదు. ముందు నైట్రోజన్‌తో పొయ్యిలోని గాలినంతా తరిమి, ఆ తర్వాతే హైడ్రోజన్. ఆపేటప్పుడూ నైట్రోజన్‌తోనే ముగించాలి. కరెంటు పోతే హైడ్రోజన్ వాల్వు దానంతటదే మూసుకుని, నైట్రోజన్ వాల్వు తెరుచుకునేట్టు బిగించుకోండి. షెడ్డు కప్పులో అన్నిటికంటే ఎత్తైన చోట గాలి పోయే సందు ఉండాలి, గ్యాసు డిటెక్టరు కూడా అక్కడే.

నికెల్

వెండి-రాగి కరిగి పాకాలంటే మాలిబ్డినం మీద నికెల్ పొర కావాలి. రెండు నుంచి ఐదు మైక్రాన్లు చాలు. వాట్స్ బాత్, అంటే నికెల్ సల్ఫేట్, నికెల్ క్లోరైడ్, బోరిక్ ఆమ్లం, 50 డిగ్రీల చుట్టుపక్కల వేడి. కరెంటు అక్కర్లేని ఎలక్ట్రోలెస్ నికెల్ సులువు గదా అని కొందరు అది వేస్తారు. మామూలుగా దొరికే రకంలో ఫాస్ఫరస్ ఉంటుంది. నికెల్-ఫాస్ఫరస్ 880 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది, మనమేమో తర్వాత 950 దాటించి కాలుస్తాం. అందుకే వాట్స్ బాత్‌నే పట్టుకోమంటాను. కడిగే నీళ్లు బోరు నీళ్లు అసలే వద్దు. మన తీరంలో ఉప్పు, సున్నం లేని బోరు అరుదు.

పూత వేశాక 950 నుంచి 1000 డిగ్రీల దగ్గర పావుగంట నుంచి అరగంట కాల్పు, ఈసారి పొడి హైడ్రోజన్‌లో. పూత కింద నీళ్లో మురికో ఇరుక్కుని ఉంటే ఇక్కడే బొబ్బలు లేస్తాయి. బొబ్బ లేచిన ముక్కని పక్కన పెట్టేయండి, బ్రేజింగ్ దాకా తీసుకుపోతే దానితోపాటు కోవార్ కూడా దండగ.

బ్రేజింగ్

పూరకం 72 వంతుల వెండి, 28 వంతుల రాగి. సరిగ్గా 780 డిగ్రీల దగ్గర ఒకేసారి కరుగుతుంది. తీగ రింగుగానో రేకుగానో కత్తిరించి పెడతాం. ఏసీ, ఫ్రిజ్ మెకానిక్కుల దగ్గర దొరికే వెండి కడ్డీలు ఇందులో పెట్టవద్దు. వాటిలో జింకు ఉంటుంది, కొన్నిట్లో విషపు కాడ్మియం. వాక్యూమ్‌లో ఇవి ఆవిరై గోడలకి పేరుకుంటాయి, లోపలి సిరామిక్ మీద పొరై కరెంటుకి దారి ఇస్తాయి. ఫ్లక్స్ కూడా వాడం, దాని మడ్డి లోపల మిగిలిపోతుంది.

కోవార్ ముక్కల్ని ముందే ఎనీలింగ్ చేసి, అంటే కాల్చి నెమ్మదిగా చల్లార్చి, ఒత్తిడి తీసేయాలి, మీద నికెల్ పూత వేయాలి. వంచినప్పటి ఒత్తిడి లోపల ఉన్న కోవార్‌కి కరిగిన వెండి తగిలితే గింజల సందుల్లోకి దూరి చీల్చేస్తుంది. ఆ చీలిక జుట్టు పోగంత కూడా ఉండదు. కంటికి దొరకదు, హీలియానికి దొరుకుతుంది.

ఇక్కడ గ్యాసు డ్యూ పాయింట్ సున్నాకి కింద 50 డిగ్రీలు గానీ ఇంకా దిగువన గానీ ఉండాలి. అంటే పది లక్షల వంతుల గ్యాసులో నలభై వంతుల లోపే ఆవిరి. సిలిండరు గ్యాసుని ముందు పల్లాడియం ఉన్న శుద్ధి గొట్టం గుండా పంపితే అందులోని ఆక్సిజన్ నీరవుతుంది, ఆ నీటిని మాలిక్యులర్ సీవ్ పీల్చుకుంటుంది. అంతవరకూ అందరూ చేస్తారు. ఆ తర్వాత పొయ్యి దాకా రబ్బరు గొట్టమో ప్లాస్టిక్ గొట్టమో తగిలించి చేతులారా పోగొట్టుకుంటారు. లోపల గ్యాసు బయటికి కారకపోయినా, బయటి గాలిలోని చెమ్మ ఆ గొట్టం గోడలో నుంచి లోపలికి ఇంకుతుంది. కార్తీకమాసం వానల్లో డ్యూ పాయింట్ మీటరు చూస్తే ఇది కళ్లకి కడుతుంది. రాగి పైపు లేదా స్టెయిన్‌లెస్ పైపు వేసి, మీటరుని సిలిండరు దగ్గర కాకుండా పొయ్యి నోటి దగ్గర పెట్టండి. తడి లైను, పొడి లైను వేరువేరుగా ఉండాలి. ఒకే పైపుని వాల్వు తిప్పి రెంటికీ వాడితే దాని గోడల్లోని తడి ఆరేదానికి గంటలు పడుతుంది. హైడ్రోజన్ వద్దనుకుంటే వాక్యూమ్ పొయ్యి, లోపల మిగిలిన గాలి పీడనం 10⁻⁵ మిల్లీబార్ లేదా అంతకంటే మేలుగా.

750 డిగ్రీల దగ్గర పది, పదిహేను నిమిషాలు ఆగాలి. పెద్ద ముక్కా చిన్న ముక్కా ఒకే వేడికి రావాలి. అక్కడి నుంచి 810, 820కి తీసుకుపోయి మూడు నుంచి ఐదు నిమిషాలు. ఇంకాసేపు ఉంచితే బాగా పాకుతుందని ఆశపడితే, కరిగిన పూరకం నికెల్‌ని తినేసి, కింది మాలిబ్డినం మీద నిలవలేక ముద్దలుగా వెనక్కి తగ్గుతుంది. దిగేటప్పుడు 500 దాకా నిమిషానికి ఐదు డిగ్రీలు మించకూడదు. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) కొన పొయ్యి గోడకి కాకుండా ముక్కకి తగిలి ఉండాలి.

పెయింటు, నికెల్ రెండూ లేకుండా ఒక్క కాల్పులో ముగించే దారీ ఉంది. వెండి-రాగిలో రెండు నుంచి నాలుగైదు శాతం టైటానియం కలిపిన పూరకం సిరామిక్‌ని నేరుగా పట్టుకుంటుంది. దీనికి మంచి వాక్యూమే కావాలి, హైడ్రోజన్ పనికిరాదు, టైటానియం దాన్ని పీల్చేసుకుంటుంది. ఈ పూరకం పెద్దగా పాకదు కాబట్టి అతకాల్సిన మొహమంతా రేకు పరచాలి. నాలుగైదు ముక్కల పనికి నేను ఇదే ఎంచుకుంటాను. వందల్లో చేయాలంటే మాలిబ్డినం-మాంగనీసు దారిలోనే నమ్మకం ఎక్కువ.

పీకి చూడటం, లీకు చూడటం

ప్రతి కాల్పులోనూ ఏఎస్‌టీఎం (పరీక్షల ప్రమాణాలు రాసే సంస్థ) వాళ్ల ఎఫ్19 పరీక్షకి చేసే బటన్ ముక్కలు కొన్ని కలిపి పెట్టండి. వాటిని మిషన్ మీద లాగి విరగ్గొట్టాలి. ఎంత బలానికి విరిగిందో రాసుకుంటారు సరే, ఎక్కడ విరిగిందో చూడటం అంతకంటే ముఖ్యం. తెల్లటి సిరామిక్ గిన్నెలా ఊడి లోహానికి అంటుకుని వచ్చిందంటే అతుకు సిరామిక్ కంటే గట్టిది. సిరామిక్ మీద పలచటి బూడిద నీడ మిగిలి, పొర శుభ్రంగా లేచి వచ్చిందంటే తడి కాల్పులో తేడా జరిగింది. ఆ రోజు డ్యూ పాయింట్ కాగితం తీసి చూడాలి. మెరిసే నికెల్ కనిపిస్తే తప్పు పూతది.

హీలియం లీక్ డిటెక్టరుకి (ముక్క లోపలి గాలి లాగేసి, బయట చల్లిన హీలియం లోపలికి దూరిందేమో పట్టే మిషను) తగిలించే ముందు ముక్కని 120 డిగ్రీల పైన కొన్ని గంటలు ఆరబెట్టండి. కడిగిన నీరు సన్నటి చీలికలో ఇరుక్కుని బిరడాలా పని చేస్తుంది. ఆ రోజు లీకు లేదని రాసిచ్చిన ముక్క వారం తర్వాత కస్టమర్ దగ్గర కారుతుంది. ఆల్కహాల్ గుడ్డతో తుడిచి వెంటనే పరీక్ష పెట్టినా అంతే. హీలియం తేలిక, పైకి పోతుంది కాబట్టి చల్లేటప్పుడు పై అతుకు నుంచి మొదలెట్టి కిందికి రావాలి, అప్పుడే ఏ అతుకు కారుతోందో తెలుస్తుంది.

ఎంత లీకు ఒప్పుకోవచ్చనేది వస్తువుని బట్టి ఉంటుంది. పంపు ఎప్పుడూ నడుస్తూ ఉండే డబ్బాకి బిగించే ఫీడ్‌త్రూ అయితే సెకనుకి 10⁻⁹ మిల్లీబార్-లీటరు చాలు. అదే లెక్క బ్రేకర్ సీసాకి సరిపోదు. లోపల ఒక లీటరు ఖాళీ అనుకుంటే, ఆ లీకుతో ఏడాదిలో 0.03 మిల్లీబార్ చేరుతుంది. బ్రేకర్ సీసాలో 0.001 మిల్లీబార్ దాటితే, కరెంటు తెంచేటప్పుడు లేచే ఆర్క్ (మెరుపు) ఆర్పే పని నమ్మలేం. ఇరవై ఏళ్లు పీడనం ఆ 0.001 లోపే ఉండాలంటే లీకు 10⁻¹² దగ్గరికి దిగాలి, మామూలు డిటెక్టరు అంత లోతుకి చూడలేదు. అందుకే మూసేసిన సీసాల్ని కొన్ని వారాలు పక్కన ఉంచి, అయస్కాంత క్షేత్రంలో వోల్టేజీ పెట్టి లోపలి పీడనాన్ని మళ్లీ కొలుస్తారు. దాన్ని మాగ్నెట్రాన్ పరీక్ష అంటారు. మొదటి కొలతకీ రెండో కొలతకీ మధ్య పీడనం పెరిగిన సీసా బయటికి పోదు.